మా సంఘం నియమావళి, ఏడో పేజీ

పది మందికి మేలు చేద్దామని బయల్దేరి, ప్రభుత్వ కార్యాలయంలో అందరి ఎదుటా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయిన మనిషి సంగతి మీరు ఇంతవరకు వినకపోతే, కుర్చీ కాస్త ముందుకు జరుపుకోండి. ఆ మనిషిని నేనే. నేను చేసింది దొంగతనం కాదు, ఎవరినీ మోసం చేయలేదు, పల్లెత్తు మాట అనలేదు. ఒక కాగితం చదవలేదు. అంతే. ఆ ఒక్క పని చేయకపోవడం వల్ల మా క్యాంపస్‌లోని చూపులేని విద్యార్థులందరినీ వల వేసి పట్టుకుంటామని ప్రభుత్వానికి రాతపూర్వకంగా హామీ ఇచ్చాను. కింద సంతకం నాదే. సంతకం కింద 'కార్యదర్శి' అని గుండ్రంగా, ముచ్చటగా రాసింది కూడా నేనే.

మొదటి నుంచి చెబుతాను.

అప్పుడు నేను యూనివర్సిటీలో లా రెండో సంవత్సరం. మాది అనంతపురం వైపు. తార్నాకలో సుభద్రమ్మగారి ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. లా చదివేవాళ్లకు రెండో ఏడు ఒక జబ్బు చేస్తుంది. మొదటి ఏడు మనకేమీ తెలియదని తెలుస్తుంది. మూడో ఏడు అదే సంగతి మళ్లీ తెలుస్తుంది. మధ్యలో ఆ ఒక్క ఏడాది మాత్రం లోకంలో మనకు తెలియనిదేదీ లేదనిపిస్తుంది. ఆటో మీటరు వేయనంటే సెక్షన్ చెప్పేదాన్ని. కూరగాయలమ్మ దగ్గర కాంట్రాక్టు చట్టం మాట్లాడేదాన్ని. ఆమె నాకు కొసరు కొత్తిమీర వేయడం మానేసింది. నేను మాత్రం చట్టం మానలేదు.

యాదగిరి అన్న నాకు పరిచయమైంది ఆ రోజుల్లోనే. జనగామ దగ్గర పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. పుట్టుకతోనే చూపు లేదు. చరిత్రలో పరిశోధన చేస్తున్నాడు. ఆయన ఫోను ఆయనకు పుస్తకాలు చదివి వినిపిస్తుంది. మామూలు వేగంలో కాదు. ఆ వేగంలో మనం వింటే వేడి నూనెలో ఆవాలు వేసినట్టుంటుంది. ఆయన ఆ చిటపటల్లోంచి పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరణతో సహా ఏరుకుంటాడు. ఒకసారి విన్నది మరిచిపోడు. నేను కళ్లకు అద్దాలు పెట్టుకుని, పసుపు రంగు పెన్నుతో గీతలు గీసుకుని, మూడుసార్లు చదివి, పరీక్ష హాల్లో మరిచిపోయేదాన్ని.

అయితే ఫోను అన్నీ చదవలేదు. పాత తెలుగు పుస్తకాలు, మసకబారిన జిరాక్సులు, చేతిరాత నోట్సు దాని వల్ల కాదు. వాటిని ఎవరో ఒకరు నోటితో చదవాల్సిందే. అందుకని రోజూ సాయంత్రం క్యాంపస్‌లో ఓ రాతి మెట్ల మీద నలుగురైదుగురం కూర్చుని చదివేవాళ్లం. చూపులేని విద్యార్థులు చుట్టూ కూర్చుని ఫోన్లలో రికార్డు చేసుకునేవాళ్లు. ఆ రికార్డింగులు వింటే మా కష్టాలన్నీ తెలుస్తాయి. కాకతీయుల నీటిపారుదల గురించి చెబుతుంటే మధ్యలో వాలీబాల్ వచ్చి తగిలిన చప్పుడు ఉంటుంది. భూసంస్కరణల మధ్యలో పెళ్లి ఫొటోగ్రాఫరు "వదినా, జర నవ్వండి" అంటాడు. వాన వస్తే చరిత్ర మొత్తం ఆగిపోయేది.

మాకో గది కావాలి. గదుల వ్యవహారం చూసే అధికారి దగ్గరికి యాదగిరి అన్న, నేను వెళ్లాం. ఆయన ఓపికగా విన్నాడు.

"పాత బిల్డింగుల కింద ఒక గది ఖాళీగ ఉన్నది. ఇస్త. కానీ ఎవరి పేరు మీద ఇయ్యాలె? ఈ అమ్మాయి పేరు మీదనా, నీ పేరు మీదనా, ఆ మెట్ల పేరు మీదనా?" అన్నాడు. "రిజిస్టర్ అయిన సంఘం ఉండాలె. నెలాఖరు లోపట సర్టిఫికెట్ తెండ్రి. లేకుంటే క్యారమ్స్ ఆడెటోళ్లు ఆ గది కోసం రోజు వచ్చి కూసుంటున్నరు."

"తెస్తాం సార్," అన్నాను.

"ఇంకోటి. పుస్తకాలు చదివి రికార్డు చేస్తరు గద. రాసినోళ్ల పర్మిషన్ అక్కర్లేదా? రేపు ఎవడన్న కేసేస్తే నా మెడకు సుట్టుకుంటది."

ఆయన నా వైపు చూశాడు, లా చదివే పిల్ల కదా అని. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. అందులో జవాబు లేదు.

"అక్కర్లేదు సార్," అన్నాడు యాదగిరి అన్న నెమ్మదిగా. "అచ్చు చదవలేనోళ్ల కోసం, లాభం చూసుకోకుండ చేస్తే కాపీరైట్ చట్టంలనే మినహాయింపు ఉన్నది. సెక్షన్ కావాల్నంటే చెప్త."

చెప్పాడు కూడా. బయటికి వచ్చాక నేను, "నాకూ గుర్తొచ్చింది, మీరు ముందు చెప్పేశారు," అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మంచివాళ్లతో వచ్చిన చిక్కే అది, మన అబద్ధాన్ని మన దగ్గరే వదిలేసి పోతారు.

ఇక సంఘం పెట్టాలి. ఏడుగురు సభ్యులు కావాలి, దొరికారు. అధ్యక్షుడు యాదగిరి అన్న, కార్యదర్శిని నేను. ఆఫీసుకు చిరునామా కావాలి, ఆ ఇంటివాళ్లు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అందరి గుర్తింపు కార్డులూ కావాలి. అన్నిటికంటే ముఖ్యం నియమావళి. అంటే సంఘం ఎందుకు పెట్టారు, ఏమేం చేస్తుంది, ఎవరి అధికారం ఎంత అని రాసుకునే కాగితాలు. రిజిస్ట్రేషన్ అయ్యాక పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, విరాళమిచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు దొరికే అనుమతులు, ఇవన్నీ వరసగా ఉన్నాయి. ఒక మనిషికి పుస్తకం చదివి వినిపించడానికి ఇన్ని కాగితాలా అని మిగతావాళ్లు నీరసపడిపోతుంటే నేను చేయెత్తి, "రాతకోతలన్నీ నాకు వదిలేయండి," అన్నాను.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. యాదగిరి అన్న ఒక్కడే, "చెల్లె, నియమావళి రాసినంక సాఫ్ట్ కాపీ నా ఫోన్‌కు పంపు. విని సంతకం పెడ్త," అన్నాడు.

"మీకెందుకన్నా శ్రమ, నేను చూసుకుంటా కదా," అన్నాను.

ఆ మాట ఎంత దయగా అన్నానో ఇప్పటికీ నా చెవుల్లో వినిపిస్తూనే ఉంది. వినిపించినప్పుడల్లా దుప్పటి ముసుగు పెట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రాత ఎలా సాగిందో చెప్తాను. లా విద్యార్థిని కాబట్టి మొదటి మూడు ఆశయాలు సొంతంగా, గంభీరంగా రాశాను. నాలుగో దానికి వచ్చేసరికి గంభీరం అయిపోయింది. ఇంటర్నెట్‌లో వెతికితే ఏదో ఊరివాళ్లు పెట్టుకున్న వీధికుక్కల సంక్షేమ సంఘం నియమావళి దొరికింది. చక్కని తెలుగు. ఎవరో ప్రాణం పెట్టి రాశారు. ముందు సభ్యత్వం, సమావేశాలు, కోరం, ఆ తర్వాత ఆశయాలు, అన్నీ ఉన్నాయి. నా మూడు ఆశయాలు ముందు అతికించి, కంప్యూటర్‌కు రెండు ఆజ్ఞలు ఇచ్చాను. 'వీధికుక్కలు' అన్నచోటల్లా 'అంధ విద్యార్థులు' అని మార్చు. 'వీధికుక్కల' అన్నచోటల్లా 'అంధ విద్యార్థుల' అని మార్చు. విభక్తులు కూడా సరిపోయేలా రెండు విడతలుగా మార్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. వ్యాకరణం మీద ఉన్న ఆ శ్రద్ధ అర్థం మీద పెట్టి ఉంటే ఈ కథ మీకు చెప్పాల్సిన పని ఉండేది కాదు. మొదటి పేజీ చదివాను. బ్రహ్మాండంగా ఉంది. మిగతావి ప్రింటు తీశాను.

సుభద్రమ్మగారి ఇంటి చిరునామానే మా ఆఫీసు చిరునామాగా అనుకున్నాం. ఆవిడది కడప. ఏళ్ల తరబడి ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు చూసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. పాలపాకెట్ మీద అచ్చేసింది కూడా పూర్తిగా చదివితే గానీ కత్తిరించరు.

"ఏమి పాపా ఈ కాగితాలు?"

"మా సంఘానికి మీ ఇల్లు ఆఫీసుగా ఉండటానికి అభ్యంతరం లేదని మీ సంతకం కావాలమ్మగారూ."

"అభ్యంతరం ఉందో లేదో తెలియాలంటే మీ సంఘం ఏం చేస్తాదో తెలియల్ల కదా. చదువు, వింటా."

మొదటి పేజీ చదివాను. ఆవిడ తలూపారు.

"బాగుండాది. మిగతాది?"

"అంతా ఇలాగే ఉంటుందమ్మగారూ."

"అంతా ఇట్లే ఉంటే ఇన్ని పేజీలు యాల?"

నేను నవ్వేసి, కుక్కర్ విజిల్ వేసిందని చెప్పి, సంతకం చేయించుకుని మేడెక్కేశాను. మర్నాడు సభ్యులందరి చేతా ప్రతి పేజీ మీదా సంతకాలు పెట్టించాను. నా మీద నమ్మకంతో ఎవరూ చదవలేదు. చివర్న యాదగిరి అన్న పెన్ను చేతిలోకి తీసుకుని, "సాఫ్ట్ కాపీ రాలే చెల్లె," అన్నాడు.

"పంపుతా అన్నా. ఇప్పుడు టైం లేదు."

ఆయన సంతకం పెట్టాడు.

కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో పంపించాం. నెలాఖరు గడువుకు ఇంకా ఒక్క రోజు ఉందనగా రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. మీ దరఖాస్తు మీద అభ్యంతరం ఉంది, అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకుని రండి అని. ఏ అభ్యంతరమో చెప్పలేదు. తార్నాకలో మెట్రో ఎక్కి ఇద్దరం బయల్దేరాం. దారి పొడుగునా నేను స్టాంపుల గురించి, అధికార పరిధి గురించి వాదన తయారు చేసుకుంటూనే ఉన్నాను. రైల్లో పక్కనున్న పెద్దాయన నా గొణుగుడు చూసి, జపం చేసుకుంటున్నాననుకుని లేచి సీటిచ్చాడు.

ఆఫీసు జనంతో కిటకిటలాడుతోంది. మా ఫైలు చూసే సీనియర్ అసిస్టెంటు నడివయసు మనిషి. ముందు నన్ను చూశాడు, తర్వాత యాదగిరి అన్న చేతిలోని తెల్ల కర్ర చూశాడు. ఆయన ముఖం అదోలా అయిపోయింది.

"అధ్యక్షులు మీరేనా?"

"నేనే సార్."

"మీ నియమావళి మీరు... అంటే, మీకు తెలుసా అండ్ల ఏమున్నదో?"

"మా సెక్రటరీ రాసింది సార్. లా చదువుతున్నది," అన్నాడు యాదగిరి అన్న. ఆ గొంతులో నా గురించి గర్వం ఉంది. ఆ గర్వానికి ఇంకో రెండు నిమిషాలే ఆయుష్షు.

అసిస్టెంటు ఫైలు నా వైపు తిప్పాడు. "అమ్మా, ఏడో పేజీ జర మీరే చదవండి. నాతోటి కాదు."

నేను గొంతు సవరించుకుని పేజీ వైపు చూశాను. నాలుగో ఆశయం కనిపించింది. ఐదోది కనిపించింది. ఆ తర్వాత నాకు అక్షరాలు కనిపించడం మానేశాయి. తయారు చేసుకున్న వాదన మొత్తం అరికాళ్లలోంచి కిందికి దిగి బేస్‌మెంట్‌లోకి పోయింది.

"ఏమైంది చెల్లె?"

"ఏం లేదన్నా. చిన్న అచ్చుతప్పు."

"ఏం తప్పు?"

"చిన్నదే."

"అయితే ఆ సాఫ్ట్ కాపీ ఇప్పుడన్న పంపు."

"ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండన్నా," అన్నాను, పంపిస్తూనే.

"ఎందుకు? సార్ గూడ విననీ."

ఆయన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మా మీద దయతో వేగం కూడా తగ్గించాడు. ఆ ఫోను గొంతు మీరు విని ఉండరు. దానికి సంతోషం లేదు, దుఃఖం లేదు, సిగ్గు అసలే లేదు. రైల్వే స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు చెప్పినట్టు హాలంతా వినబడేలా మొదలుపెట్టింది.

"నాలుగవ ఆశయం. యజమానులు లేక రోడ్ల మీద తిరుగుచున్న అంధ విద్యార్థులను గుర్తించి, నొప్పి కలగకుండ వల సాయముతో పట్టుకొనుట."

పక్క బల్ల దగ్గర స్టాంపు వేస్తున్న చేయి గాలిలో ఆగిపోయింది.

"ఐదవ ఆశయం. పట్టుకొన్న అంధ విద్యార్థులకు పిచ్చి సోకకుండ టీకాలు వేయించి, పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స జరిపించి, గుర్తుగా ఎడమ చెవి కొనను కత్తిరించుట. ఆరవ ఆశయం. కోలుకొన్న అంధ విద్యార్థులను ఎక్కడ పట్టుకొన్నారో తిరిగి అక్కడనే వదిలిపెట్టుట. ఏడవ ఆశయం. అంధ విద్యార్థులు గుంపులుగా మొరుగుట వలన కాలనీవాసులకు కలుగు ఇబ్బందిని..."

యాదగిరి అన్న వేలితో తాకి ఫోను ఆపాడు. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఆయన నింపాదిగా చేయెత్తి, ఎడమ చెవి కొనను రెండు వేళ్లతో తడిమి చూసుకున్నాడు.

"ఉన్నది సార్," అన్నాడు. "అంటే నన్నింక పట్టుకోలే."

మొదట నవ్వింది ఆ అసిస్టెంటే. నవ్వకూడదని పెదవులు బిగపట్టి, ఆ బిగువు తట్టుకోలేక నవ్వాడు. ఆ తర్వాత హాలు మొత్తం కదిలిపోయింది. స్టాంపు చేయి ఆయన బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. పెళ్లి రిజిస్ట్రేషన్ కోసం వచ్చిన ఓ జంట కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"ఆపరేషన్ సంగతి మాత్రం జర ఆగాలె సార్," అన్నాడు యాదగిరి అన్న. "ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు."

ఆ గదిలో నవ్వనిది నేనొక్కదాన్నే. నేల చీలితే బాగుండునని చూశాను. కింద గట్టి గ్రానైట్ రాయి.

నవ్వులు సద్దుమణిగాక అసిస్టెంటు నీళ్లు తాగి, "అన్నా, మీరు తిడ్తరేమోనని భయపడ్డ నేను," అన్నాడు. "చూడండి, కొత్త నియమావళి ఈ రోజే తెస్తే తీసుకుంట. ఐదు గంటల దాక ఉంట. ప్రతి పేజీ మీద ఏడుగురి సంతకాలు ఉండాలె. అన్నీ సరిగ్గ ఉంటే రేపు సర్టిఫికెట్ వస్తది."

అప్పుడు పదకొండు దాటింది. వరండాలోకి రాగానే నేను, "అన్నా, క్షమించండి. కాపీ కొట్టాను," అన్నాను.

ఆయన కర్ర మడిచి చేతిలో పట్టుకున్నాడు.

"కాపీ కొట్టినవని కోపం లేదు చెల్లె. అందరు కొడ్తరు. కానీ నేను అడిగిన కాగితం నాకియ్యలే. నువ్వు చదవలే, నన్ను చదవనియ్యలే. మనం పెట్టేది చదివిపించే సంఘం గద."

తిట్టి ఉంటే నయం. తిట్టుకు ఎదురు చెప్పొచ్చు, రెండో ఏడు లా విద్యార్థికి అదే చేతనైన విద్య. దీనికి నా దగ్గర ఏ సెక్షనూ లేదు.

"ఇప్పుడేం చేద్దామన్నా? కొత్తది ఎవరు రాస్తారు?"

"రాసేదేమున్నది. నేను చెప్త, నువ్వు టైపు కొట్టు."

మెట్రోలో కూర్చోగానే మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో కొడుతున్నాను. 'అచ్చు చదవలేని విద్యార్థులకు చదువు సామగ్రిని వారు వినగలిగే, తాకి చదవగలిగే రూపంలో అందించుట. పరీక్షలలో వారి తరఫున రాసేవారిని సమకూర్చుట. ఏ విషయంలోనైనా వారి తరఫున నిర్ణయించక, వారే నిర్ణయించుకొనుటకు తోడ్పడుట.' ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. తార్నాక వచ్చేసరికి ఆశయాలు పూర్తయ్యాయి.

"ఇదంతా మీకెలా వచ్చన్నా?"

"నువ్వు కాపీ పంపలే గద. ఊరికె కూసోలేక వేరే సంఘాలయి దొరికినయి దొరికినట్టు విన్న. ఓ పన్నెండు ఉంటయి. కుక్కలది గూడ విన్న, మంచిగ రాసిన్రు. మనది గూడ అదేనని తెల్వకపాయె."

సుభద్రమ్మగారి ముందుగదిలో కంప్యూటర్ తెరిచాం. జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు. అద్దాలు పెట్టుకుని నా పక్కన కుర్చీ వేసుకున్నారు.

"నేను గట్టిగా చదువుతా. నాయనా యాదగిరీ, నువ్వు వింటా ఉండు. తప్పుంటే చెప్పు," అన్నారు.

ఆయన చెబుతాడు, నేను కొడతాను, ఆవిడ చదువుతారు. "'చేయబడవలసి యుండును' అంట. ఈ వంకర తెలుగు యాల, 'చేయాలి' అని పెట్టు పాపా," అంటారు. నేను "సరే అమ్మగారూ," అని మారుస్తాను. కోరం ఎంత ఉండాలో ఆయనకు నోటికొచ్చు. ఆఫీసువాళ్లు ఎక్కడ కొర్రీ వేస్తారో ఆవిడకు నోటికొచ్చు. లా చదివిన నాకు టైపింగ్ వచ్చు. మధ్యలో ఆవిడ నిమ్మకాయ పులిహోర ముద్దలు కలిపి ఇద్దరి చేతుల్లోనూ పెట్టారు. రెండు గంటలకల్లా నియమావళి తయారైంది. తార్నాక జిరాక్సు షాపులో ప్రింటు తీసి, ఇక సంతకాల వేటకు బయల్దేరాం.

మిగతా ఐదుగురూ నాలుగు చోట్ల ఉన్నారు. సుభద్రమ్మగారి పాత స్కూటీ నేను నడుపుతుంటే వెనక యాదగిరి అన్న కూర్చుని దారి చెప్పాడు. ఇది చదివి మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. రెండేళ్లుగా ఆ క్యాంపస్‌లో తిరుగుతున్న నేను హాస్టల్ వెనక రోడ్డు మీద తప్పిపోయాను.

"ఇప్పుడు రెండో స్పీడ్ బ్రేకర్ దాటినం. మూడోది కాంగనే ఎడమకు తిప్పు," అన్నాడు ఆయన. "చింతచెట్ల నీడ చల్లగ తగుల్తది, ఆడ ఆపు. క్యాంటీన్ల ఉంటడు వాడు. ఈ టైంకు మిర్చి బజ్జీలు ఏస్తరు."

ఆ సభ్యుడు బజ్జీతో సహా దొరికాడు. లైబ్రరీలో ఇద్దరు, హాస్టల్‌లో ఒకడు. చివరి అమ్మాయి హబ్సిగూడలో టిఫిన్ సెంటర్ దగ్గర ఉంటే అక్కడికీ వెళ్లాం. ప్రతి ఒక్కరూ, "మళ్లీ సంతకాలెందుకు?" అని అడిగారు. ప్రతి ఒక్కరికీ నేను నోరు తెరిచేలోపు యాదగిరి అన్నే చెప్పాడు. "చిన్న అచ్చుతప్పు."

ఐదుసార్లూ అదే మాట. నా పేరు ఒక్కసారీ ఎత్తలేదు. ఆయన మెట్రో కార్డు అంచును కాగితం మీద గీతలా ఆనించి సంతకం చేసేవాడు. అన్ని పేజీల మీదా ఒకే వరసలో, దారం పట్టి గీసినట్టున్నాయి ఆయన సంతకాలు. రెండు కళ్లతో చూస్తూ పెట్టిన నావి గాలికి పడిపోయిన కొమ్మల్లా ఉన్నాయి.

ఐదింటికి పది నిమిషాల ముందు ఆఫీసు చేరుకున్నాం. అసిస్టెంటు బ్యాగు సర్దుకుంటున్నవాడు మళ్లీ కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఏడో పేజీ దగ్గర ఒకసారి ఆగి నా వైపు అనుమానంగా చూశాడు. తర్వాత ఫైలు మూసి అడిగాడు.

"ఎవరు రాసిన్రు ఇది?"

"అధ్యక్షులు," అన్నాను. ఆ బల్ల ముందు ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

"ఇన్నేండ్ల నౌకరీల ఇంత సాఫ్‌గ ఉన్నది సూడలే," అన్నాడాయన, లేచి యాదగిరి అన్న చేయి పట్టుకుని. "ఈడికి వచ్చెటోళ్లు సంతకం పెడ్తరు. సంతకం పెట్టేది ఏందో తెలిసి పెట్టెటోళ్లు శానా తక్కువ అన్నా."

సర్టిఫికెట్ మర్నాడు వచ్చింది. గది వచ్చింది. క్యారమ్స్ ఆడేవాళ్లు పెద్దమనసుతో ఒక బల్ల కూడా ఇచ్చారు. వారం తర్వాత ఆ గదిలోనే మొదటి సమావేశం. సుభద్రమ్మగారిని ముఖ్య అతిథిగా పిలిచాం. అందరికీ తెలియాలి కదా అని యాదగిరి అన్న ఫోన్‌ను స్పీకర్‌కు తగిలించి నియమావళి మొత్తం వినిపించాడు. నేను కూడా మొదటిసారి నింపాదిగా కూర్చుని విన్నాను. ఎంత బాగుందో అని తలూపుతూ విన్నాను. అలా పందొమ్మిదో నియమం వచ్చింది.

"పందొమ్మిదవ నియమం. సంఘం తరఫున సంతకం చేసే ప్రతి కాగితాన్ని కార్యదర్శి మొదటి పదం నుంచి చివరి పదం వరకు అధ్యక్షునికి బిగ్గరగా చదివి వినిపించాలి. చదవకుండా సంతకం చేసినట్లు రుజువైతే, ఆనాటి సమావేశానికి వచ్చిన వారందరికీ కార్యదర్శి తన సొంత ఖర్చుతో చాయ్, సమోసాలు ఇప్పించాలి."

నేను లేచి నిలబడ్డాను. "ఇదెప్పుడు పెట్టారన్నా?"

"నేను చెప్పిన, నువ్వే టైపు కొట్టినవ్ గద చెల్లె."

"నేను గట్టిగా చదివినా పాపా, నీ పక్కనే కూర్చోని," అన్నారు సుభద్రమ్మగారు. "'సరే అమ్మగారూ' అంటివి."

"కింద సంతకం ఎవరిది?" అన్నాడు యాదగిరి అన్న.

"నాదే."

"చదివి పెట్టినవా?"

లా పుస్తకం తెరిచాను. నియమం అమల్లోకి వచ్చింది రిజిస్ట్రేషన్ తర్వాత, నా సంతకం అంతకు ముందుది, వెనకటి పనికి తర్వాతి నియమం వర్తించదు అని వాదించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"పాయింటున్నది. కానీ అది తేల్చేది సర్వసభ్య సమావేశం, ఇరవయ్యో నియమం. ఓటు పెడదాం. సెక్రటరీ వాదన కరెక్టే అనెటోళ్లు చెయ్యెత్తుండ్రి," అన్నాడు. "ఎన్ని చేతులు లేచినయి చెల్లె? నాకు కనిపియ్యది, నువ్వే లెక్కపెట్టి చెప్పు."

లెక్కపెట్టాను. ఒకటి. అది నాదే.

చాయ్, సమోసాలు వచ్చాయి. సుభద్రమ్మగారు చాయ్‌లో చక్కెర ఎక్కువైందని మినిట్స్ పుస్తకంలో రాయించారు. దాని కింద నేను సంతకం పెట్టాను, బిగ్గరగా చదివి మరీ.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. తార్నాక నివాసిని, లా పట్టభద్రురాలిని, ఒక సేవా సంఘానికి ఇప్పటికీ కార్యదర్శిని అయిన నేను, ఇకమీదట పెళ్లి శుభలేఖ అయినా, కరెంటు బిల్లయినా, మందుల సీసా మీద చీమంత అక్షరాలైనా, ఆఖరి చుక్క వరకు చదవకుండా సంతకం చేయను, చేయించను, చేసేవాళ్ల పక్కన నిలబడను. పై మాటలు పూర్తిగా చదివి, అర్థం చేసుకుని, ఎవరి బలవంతమూ లేకుండా రాసినవే. యాదగిరి అన్నకు వినిపించాను. ఆయన సరేనన్నాక సంతకం పెడుతున్నాను.